విరగని గేర్‌బాక్సు

మా దాణా మిల్లు వెనక ముళ్లపొదల్లో ఒక పాత లారీ పదకొండేళ్లుగా పడి ఉండేది. తలుపుల్లేవు, టైర్లు లేవు. ఇంజను ఎవరు ఎప్పుడు విప్పుకుపోయారో ఎవరికీ తెలియదు. మిగిలింది తుప్పు పట్టిన చట్రం, దాని నడుమ గేర్‌బాక్సు. 1974 మే నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఒలీటా స్లోన్ తన స్కూలు బస్సును మిల్లు ముందు ఆపి, నాతో ఒక్క మాటైనా అనకుండా ఆ పొదల్లోకి నడిచింది. పాములుంటాయని నేను కర్ర పట్టుకుని వెనకే పరుగెత్తాను.

నేను వెళ్లేసరికి ఆమె చట్రం కింద వెల్లకిలా పడుకుని ఉంది. స్క్రూడ్రైవర్ మొనను గేర్‌బాక్సుకి, పిడిని తన చెవికి ఆనించి, రెండో చేత్తో లోపలి గేర్లను తిప్పుతోంది. చాలాసేపు అలాగే వింది.

"చచ్చిందా, బతికుందా?" అన్నాను.

"బతికే ఉంది హోబర్ట్. నీకంటే ఆరోగ్యంగా ఉంది," అంది కింద నుంచే. "మీ ఓనర్ని అడిగి నాకిప్పించు."

"ఈ పాత ఇనుము నీకెందుకు?"

"లాయిడ్‌కి. ఈ వసంతంలోనే మూడు గేర్‌బాక్సులు నమిలేశాడు. నాలుగోది నమల్లేనిది ఇద్దామని."

లాయిడ్ ఆమె తమ్ముడు. సల్ఫర్ ఫోర్క్ దగ్గర వాగు మలుపులో ఉన్న మట్టి ట్రాక్‌లో శనివారాలు కారు తోలేవాడు. అదే ట్రాక్‌లో జెండాలు ఊపేది నేను. వారమంతా మిల్లులో బస్తాలు మోసి, శనివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని మెట్ల మంచె ఎక్కేవాణ్ణి. పచ్చజెండా ఎత్తితే పాతిక కార్లు కదిలేవి, నల్లజెండా చూపిస్తే ఎంత మొనగాడైనా పక్కకు తప్పుకోవాలి. ఆ వయసులో నాకది చిన్న సంగతి కాదు.

ఒలీటాకప్పుడు నలభై ఏడేళ్లు. తండ్రి బొగ్గు లారీలు తోలేవాడు. పంతొమ్మిదో ఏట ఆమె ఆయన షెడ్డులో చేరింది. సన్నటి చేతులు కాబట్టి గేర్‌బాక్సు మూత పూర్తిగా విప్పకుండానే లోపల వెతకగలిగేది. అలా ఆ విద్య ఆమెకు పట్టుబడింది. పెళ్లయిన ఆరేళ్లకు భర్త కార్ల్ గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. పొద్దున, సాయంత్రం బస్సు తోలేది. మధ్యలో ఎవరి లారీ ఆగితే వాళ్ల లారీ కింద ఉండేది. ఆమె చేతికింద బాగుపడ్డ బండ్లు మా తూర్పు కెంటకీ కొండల్లో ఎన్నో తిరిగేవి. కానీ బాగుచేయించుకున్న మగవాళ్లు మాత్రం "స్లోన్ షెడ్డులో చేయించా" అనేవారే తప్ప ఆమె పేరు చెప్పేవారు కాదు. చర్చిలో చివరి బెంచీలో కూర్చునేది. గోళ్లలో గ్రీజు ఎంత తోమినా పోదని.

ఓనరు ఒప్పుకున్నాడు. ఆ శుక్రవారమే ఆ గేర్‌బాక్సును నేను, లాయిడ్, ఇంకొకడు కలిసి మోసుకుపోయి ఆమె షెడ్డులో దించాం.

"అక్కా, ఇది గేర్‌బాక్సా, కోడెదూడా?" లాయిడ్ నడుం పట్టుకుని మూలిగాడు. "దీన్ని పెట్టుకుని నేను రేసు చెయ్యాలా, పొలం దున్నాలా?"

"దున్నినా నువ్వు ఆఖర్నే వస్తావు. పక్కకు జరుగు," అంది ఒలీటా.

మా ట్రాక్ సంగతి తెలిస్తేగాని ఆ లారీ గేర్‌బాక్సు ఎందుకో అర్థం కాదు. ఎర్రమట్టి. మొదటి రేసుకి నున్నగా ఉండేది, రెండో రేసుకి కోడిపెట్ట దాక్కునేంత గాళ్లు పడేవి. వెనక చక్రాలు ఆ గాడిలోంచి గాలిలోకి లేచి ఉత్తినే తిరిగేవి. మళ్లీ మట్టి తగిలి ఒక్కసారిగా పట్టేవి. ఆ కుదుపు ముందుకు పాకి గేర్‌బాక్సులో పడేది. కార్లలో వచ్చే గేర్‌బాక్సులు తేలికవి, ఆ దెబ్బకు పళ్లు రాలేవి. లారీది బరువు కారుకు బరువే, కానీ రెండు టన్నుల జొన్నలు లాగడానికి చేసిన సరుకు. నాలుగో గేరులో వేస్తే ఇంజను తిరుగుడు ఏ పళ్ల మీదా పడకుండా సూటిగా వెనక్కి పోతుంది. రేసంతా ఆ గేరులోనే తోలొచ్చు.

ఒలీటా దాన్ని మూడు వారాలు మరమ్మతు చేసింది. గేరు రాడ్డు కోసి పొట్టిగా చేసింది. ఈ గేర్‌బాక్సు పొడవు ఎక్కువ కాబట్టి దాని వెనక తిరిగే షాఫ్టును కత్తిరించి మళ్లీ వెల్డింగ్ చేసింది. గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా కారు పొట్ట కింద తిరిగే ఇనుప గొట్టమే ఆ షాఫ్టు. గతుకుల్లో వంగడానికి వీలుగా దాని రెండు కొసల్లోనూ కీళ్లలా పనిచేసే ఇనుప క్రాసులుంటాయి. డ్రైవరు సీటు ఆ షాఫ్టుకి జానెడు దూరంలో ఉంటుంది. మధ్యలో పల్చటి రేకు తప్ప ఇంకేమీ ఉండదు.

జూన్ మొదటి శనివారం లాయిడ్ ఆ కారుతో వచ్చాడు.

"ఏం లాయిడ్, రేసయ్యాక బొగ్గు లోడుకెళ్తావా?" అని అరిచాడొకడు.

"ఆఖర్న నిన్ను తోసుకురావడానికి తెచ్చాలే," అన్నాడు లాయిడ్.

ఆ రోజు లాయిడ్ గెలిచాడు. మరుసటి శనివారమూ గెలిచాడు. మిగతావాళ్ల గేర్‌బాక్సులు పగిలి నూనె కారుతూ ట్రాక్ నడుమ గడ్డిలో నిలబడితే, వాడు మాత్రం గాళ్లలోంచి ఎగిరిపడుతూ చుట్టు మీద చుట్టు తిరిగేవాడు. మంచె మీద నుంచి చూస్తుంటే ఆ కారు మిగతావాటిలా ఊగేది కాదు, మొండిగా పోయేది. మొదట్లో నాకు ముచ్చటేసింది. తర్వాత తర్వాత ఎందుకో చూడబుద్ధయ్యేది కాదు.

జూలై వచ్చేసరికి ఒలీటా షెడ్డు ముందు మగవాళ్లు వరసగట్టారు. కొండ వెనక పాత లారీలున్న చోటల్లా వెతికి గేర్‌బాక్సులు విప్పుకొచ్చేవారు. వాళ్లలో ఎస్టిల్ కాంబ్స్ ఒకడు. రొట్టెల వ్యాను తోలేవాడు. ముప్పై ఆరేళ్లు, మెత్తటి మనిషి. ట్రాక్‌లో ఎవరినీ గుద్దడు, ఎవరినీ తిట్టడు, ఆఖరు నుంచి రెండోవాడుగా పోతూ, సగంలో గేర్‌బాక్సు పోతే నవ్వుతూ దిగుతాడు. వాడి భార్య రీబా మడతకుర్చీ వేసుకుని ప్రతి చుట్టూ వేళ్ల మీద లెక్కపెట్టేది.

ఎస్టిల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని ఒలీటా గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకో చేతిలో రొట్టెల సంచి.

"మిస్ ఒలీటా, నాకూ ఒకటి బిగించి పెడతారా? నాకు గెలవాలని లేదండీ. ఒక్కసారి రేసు చివరిదాకా తోలాలనుంది, అంతే."

ఒలీటా బిగించింది. షాఫ్టు తనే కోసి, తనే అతికింది. ఆగస్టు నాటికి మొత్తం ఐదు కార్లకు ఆమె చేతి గేర్‌బాక్సులున్నాయి.

ఈలోగా, జూలై నుంచే, ఒక్కొక్కటీ విరగడం మొదలైంది. గేర్‌బాక్సులు కావు. ముందు లాయిడ్ కారు వెనక క్రాసు పోయింది. అది మార్చి గట్టిది వేస్తే, మరుసటి వారం వెనక ఇరుసు తెగి చక్రం కంచె దాకా దొర్లుకుంటూ పోయింది. ఇరుసూ గట్టిది వేశారు. ఇంకొకడి కారుకి షాఫ్టు మెలితిరిగిపోయింది, పిండిన బట్టలాగా. అందరూ నవ్వుకున్నారు. ఆ షాఫ్టును గేటు దగ్గర మేకుకి వేలాడదీశారు కూడా.

ఒలీటా నవ్వలేదు. ఒక బుధవారం మిల్లుకొచ్చి, చేతిరుమాలు విప్పి నా ముందు బల్ల మీద పెట్టింది. అందులో క్రాసు ముక్కలు.

"చూడు," అంది. "విరిగిన చోట సగం నల్లగా ఉంది, సగం తెల్లగా ఉంది. నల్లగా ఉన్నది పాత పగులు. మూడు నాలుగు వారాల నుంచి పగులుతూనే ఉంది. వాడు దాని మీదే తోలాడు."

"మార్చేశారుగా?"

"మార్చారు. ఇంకోటి పగుల్తుంది." బల్ల మీద ముక్కల్ని వేలితో అటూ ఇటూ జరిపింది. "ఇదివరకు ఆ దెబ్బంతా గేర్‌బాక్సు తినేది హోబర్ట్. గేర్‌బాక్సు పగిలితే ఏమవుతుంది? కారు ఆగిపోద్ది. డ్రైవరు తిట్టుకుంటూ దిగి ఇంటికెళ్లి బీన్స్ సూపు తాగుతాడు. ఇప్పుడది పగలట్లేదు. ఆ దెబ్బ ఎక్కడికో అక్కడికి పోవాలిగా. పోయి పోయి ఆ ముందు క్రాసు మీద పడితే..."

"పడితే?"

"షాఫ్టు ముందు కొస కింద పడుద్ది. కారు పరుగెత్తుతుంటే ఆ కొస మట్టిలో గుచ్చుకుంటే, కారు దాని మీద లేస్తుంది. గడకర్ర పట్టుకుని ఎగిరినట్టు." ఒక ముక్క చేతిలోకి తీసుకుని, "గుచ్చుకోకపోతే ఆ గొట్టం రేకు చీల్చుకుని లోపలికొస్తది. ఏది మంచిదో నాకు తెలీదు," అంది.

ఆమె ముక్కల్ని మళ్లీ రుమాల్లో కట్టింది.

"ఇది నాకు జూలైలోనే తెలుసు," అంది లేచి నిలబడి. "మొదటి క్రాసు పోయిన రోజే తెలిసింది. చెప్పాల్సింది. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి మగాళ్లు నా గుమ్మం ముందు టోపీ తీసి నిలబడ్డారు. నోరు రాలేదు."

ఆ వారమే ఆమె ఇనుప పట్టీలు వంచి కడియాలు చేయడం మొదలుపెట్టింది. షాఫ్టు ముందు భాగం చుట్టూ వచ్చేలా మందపాటి కడియం, దాన్ని కారు చట్రానికి బిగించాలి. క్రాసు విరిగినా షాఫ్టు కింద పడదు, పైకీ లేవదు. ఐదు కార్లకు ఐదు కడియాలు. వాటికి ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఆగస్టు మధ్యలో ఒక శనివారం రేసుకు ముందు డ్రైవర్లందరూ గుమిగూడారు. పాస్టరు ప్రార్థన చేశాక ట్రాక్ యజమాని ఫ్యూగేట్ తన పికప్ వెనక ఎక్కి రూల్సు చదివేవాడు. ఆ రోజు చదవడం అయ్యాక ఒలీటా ముందుకొచ్చింది.

"ఫ్యూగేట్ గారూ, నాకు రెండు నిమిషాలివ్వండి."

ఆమె చెప్పింది. నాతో చెప్పినట్టే చెప్పింది. లారీ గేర్‌బాక్సు ఉన్న ప్రతి కారుకీ కడియం ఉండాలంది. "ఇంకో మాట. మలుపులో గ్యాసు పెడల్ మీంచి కాలు ఒక్కసారిగా తీసెయ్యకండి. అంతవరకూ ముందుకు లాగుతున్న షాఫ్టు ఒక్కసారిగా వెనక్కి కొట్టుకుంటది. పగులున్న క్రాసు అప్పుడే పోతుంది. మెల్లగా తియ్యండి."

వెనక నుంచి ఒక గొంతు లేచింది. "మిస్ ఒలీటా, కడియాలు మా ఆవిడ అడుగుతోంది. కారుకెందుకండీ?"

అందరూ పగలబడ్డారు. లాయిడ్ తల దించుకున్నాడు. ఒలీటా ఆ గొంతు వచ్చిన వైపు చూసింది.

"అయితే మీ ఆవిడకే చేయించు నాయనా. నీ అంత్యక్రియలకు కట్టే నల్లబట్టల మీద బాగుంటుంది."

నవ్వు ఆగిపోయింది. ఫ్యూగేట్ పికప్ మీద నుంచి దిగి ఆమె పక్కకొచ్చాడు. గొంతు తగ్గించి, "ఏంటమ్మా ఇది? టిక్కెట్లు కొన్నవాళ్లు వింటున్నారు. భయపడేవాళ్లకు చర్చి ఉంది. ఇక్కడ రేసు పెడదాం," అన్నాడు.

అయినా ఆమె వదల్లేదు. మరుసటి వారాల్లో వాళ్ల ఇళ్లకే వెళ్లింది. లాయిడ్ కారుకి వాడు గొణుగుతుండగానే బిగించింది. మిగతా ముగ్గురికీ ఎలాగోలా నచ్చజెప్పింది. ఎస్టిల్‌కి నచ్చజెప్పే పనే లేదు. "మీరు చెప్తే వేయించుకోనా మిస్ ఒలీటా? గురువారం సాయంత్రం వ్యాను దింపేసి కారు తెస్తా," అన్నాడు.

అది సెప్టెంబరు మొదటి వారం. బడులు తెరిచారు. ఆ గురువారం ఇంకో బస్సు డ్రైవరుకు జ్వరమొచ్చి, అతని దారి కూడా ఒలీటాయే తిరగాల్సొచ్చింది. ఎస్టిల్ కారును ట్రెయిలరు మీద కట్టి తెచ్చి, ఆమె షెడ్డు ముందు ముప్పావుగంట కూర్చున్నాడు. రీబాకు వంట్లో బాగాలేదని తర్వాత వెళ్లిపోయాడు. తలుపు సందులో రొట్టెల సంచి, ఒక చీటీ పెట్టి వెళ్లాడు. సోమవారం వస్తానని రాశాడు.

శుక్రవారం ఒలీటా వాళ్లింటికి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు.

శనివారం ఎండ మాడ్చేసింది. పది రోజులుగా చినుకు లేదు. నీళ్ల ట్యాంకరు రెండుసార్లు తడిపినా మధ్యాహ్నం రెండింటికల్లా ట్రాక్ ఇటుకలా గట్టిపడింది. ఒలీటా కడియాన్ని, రెంచిలను బకెట్‌లో వేసుకుని, కార్లు సిద్ధం చేసుకునే పిట్‌లోకి నడిచొచ్చింది. ఆమె వచ్చేసరికి కార్లు అప్పటికే వరసలో నిలబడుతున్నాయి. ఎస్టిల్ కారు నలభై ఒకటో నంబరు, వరసలో మూడోది. ఆ మధ్యాహ్నం వరస తేల్చే చిన్న రేసులో వాడు జీవితంలో మొదటిసారి ముందుకొచ్చాడు మరి. రీబా మడతకుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"ఎస్టిల్, దిగు. అరగంట పని," అంది ఒలీటా కిటికీలోంచి.

"మిస్ ఒలీటా, ఇప్పుడు దిగితే ఆఖరికి పంపేస్తారండీ." ఎస్టిల్ అప్పటికే బెల్టు కట్టుకున్నాడు. "మెల్లగా తోలుతా. మీరు చెప్పినట్టే కాలు మెల్లగా తీస్తా. సోమవారం ఖాయం."

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను మంచె మీదున్నాను. వేడెక్కడానికి తిరిగే చుట్లు అయ్యాక పచ్చజెండా ఎత్తాను.

ఐదో చుట్టులో ఒలీటా మంచె కిందికొచ్చింది.

"హోబర్ట్! నలభై ఒకటికి నల్లజెండా చూపించు!"

కార్ల మోతలో నాకు సరిగ్గా వినపడలేదు. వంగాను. ఆమె రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని మళ్లీ అరిచింది. "క్రాసు వణుకుతోంది! ఎదురుగా పోతున్నప్పుడు వింటున్నా! ఆపు వాణ్ణి!"

నేను నలభై ఒకటిని చూశాను. పొగ లేదు. ఏదీ వేలాడటం లేదు. చక్రాలు నాలుగూ సూటిగా ఉన్నాయి. ఎస్టిల్ అప్పుడు రెండో స్థానంలో ఉన్నాడు, లాయిడ్‌కి రెండు కార్ల దూరంలో. జనం లేచి నిలబడ్డారు. ఎప్పుడూ గెలవని మనిషి గెలవబోతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కళ్లకు కనపడే తప్పు లేకుండా నల్లజెండా ఎత్తకూడదన్నది రూలు. టిక్కెట్ల గదిలోంచి ఫ్యూగేట్ నా వైపే చూస్తున్నాడు.

"ఏమీ కనపడట్లేదు ఒలీటా! ఎవరైనా ఆగి పసుపుజెండా పడితే కార్లన్నీ మెల్లగా పోతాయి, అప్పుడు చూస్తా!"

"అప్పటిదాకా ఉండదు!"

నేను నిటారుగా నిలబడి ట్రాక్ వైపు తిరిగాను. ఆమెకు వీపు చూపించాను. అలా రెండు చుట్లు గడిచాయి. ఆ రెండు చుట్లూ నాకు ఇప్పటికీ కార్ల వరసతో సహా గుర్తున్నాయి.

ఎనిమిదో చుట్టులో మంచె కదిలింది. ఒలీటా నిచ్చెనెక్కుతోంది. ఆమె పైకొచ్చి జెండా లాక్కుంటుందని, అందరి ముందూ నా పరువు పోతుందని ముందు అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, నాకు తోచింది అది. తర్వాత ఆమె ముఖం చూశాను. నిచ్చెన మెట్లవైపే చూస్తూ ఎక్కుతోంది. పెదాలు తెల్లబడి ఉన్నాయి. నేను నల్లజెండా అందుకుని నంబరు పలకతో కలిపి నలభై ఒకటికి ఎదురుగా చాచాను.

ఎస్టిల్ చూశాడు. జెండా అందిందని డ్రైవర్లు చేత్తో సైగ చేస్తారు. వాడు కిటికీలోంచి ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఎంతో మర్యాదగా, పొరుగువాణ్ణి పలకరించినట్టు. నల్లజెండా అంటే వెంటనే ఆగాలని కదా. కాలు తీసేశాడు.

ఇంజను మోత పడిపోయింది. ఆ వెంటనే కారు కింద ఏదో ఇనుము తెగిన చప్పుడు. మట్టి గుప్పున లేచింది. కారు వెనక భాగం పైకి లేచి, లేచి, ముక్కు మీద నిటారుగా నిలబడింది. అలా ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. తర్వాత పైకప్పు మీద పడింది.

ఎర్రజెండా ఎప్పుడు ఊపానో నాకు గుర్తులేదు. కార్లన్నీ ఆగాయి. అంతమంది జనంలో ఒక్క కేక లేదు, వేడి ఇంజన్ల టిక్‌టిక్ తప్ప. ఒలీటా అప్పటికి పై మెట్టు మీదికి వచ్చింది. ఆమె చూసింది దుమ్ము మాత్రమే.

మా దగ్గర ఆ రోజుల్లో అంబులెన్సంటే శవపేటికలు అమ్మేవాళ్ల బండే. అదే పొడవాటి నల్లబండి, పైన ఎర్రదీపం తగిలించి గేటు దగ్గర ఆపేవారు. అది మట్టిలో మెల్లగా కదులుతూ వస్తుంటే రీబా మడతకుర్చీలోంచి లేచి నిలబడింది. ఎనిమిది వేళ్లు ఇంకా అలాగే ముడుచుకుని ఉన్నాయి.

ఎస్టిల్ చావలేదు. నగరంలో పెద్దాసుపత్రిలో నాలుగు నెలలున్నాడు. వెన్ను విరిగింది. నడుం కింద మళ్లీ కదలిక రాలేదు.

లాయిడ్, నేను ఆ కారును విప్పాం. ముందు క్రాసు రెండు ముక్కలైంది. విరిగిన చోట ముప్పాతిక భాగం నల్లగా, పాతగా ఉంది. వెల్డింగ్ ఎక్కడా చెదరలేదు. గేర్‌బాక్సు మూత విప్పి చూస్తే ఒక్క పన్నుకు కూడా గాటు లేదు. లాయిడ్ దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. "అక్కకు చెప్పకు. ఇది బాగానే ఉందని చెప్పకు," అన్నాడు. కానీ ఆమెకు చెప్పాల్సిన పని లేదు, ఆమెకు తెలుసు.

వాడు ఆ తర్వాత రేసు చేయలేదు. మరుసటి ఏడాది ఫ్యూగేట్ ప్రతి కారుకీ కడియం ఉండాలని రూలు పెట్టాడు. పికప్ ఎక్కి తన ఆలోచనే అన్నట్టు చదివాడు. నేను అప్పటికి మంచె దిగిపోయాను.

ఒలీటా ఆదివారాలు చర్చి మానేసి ఎస్టిల్ దగ్గరకెళ్లేది. మూడోసారో నాలుగోసారో వెళ్లొచ్చాక మిల్లుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎస్టిల్ జెండా చూళ్లేదంటున్నాడు," అంది. "జెండా రాకముందే విరిగిందంటున్నాడు. నిజమా?"

నేను బస్తా నోరు కుడుతున్నాను. సూది ఆపలేదు.

"అవును. నేను జెండా పూర్తిగా చాచనే లేదు."

"చెయ్యెత్తలేదా?"

"లేదు."

"నువ్వు చూశావుగా?"

"చూశాను ఒలీటా. చెయ్యెత్తలేదు."

ఆమె వెనుదిరిగింది. తలుపు దాకా వెళ్లి, ఆగి, "నేను నిన్ను తొందరపెట్టకుండా ఉంటే..." అని మొదలుపెట్టి, మాట మింగేసి వెళ్లిపోయింది.

రెండు చుట్లు ముందే ఎత్తాల్సింది నేను. ఆ మాట నేను ఆమెతో అనలేదు. ఆ మాట అంటే మిగతాది కూడా చెప్పాలి. మెల్లగా కాలు తీసేవాడు, జెండా చూసి గబుక్కున తీశాడని చెప్పాలి. ఆమె అడిగి, నేను చూపించిన జెండా మాట విన్నందుకే వాడు పడ్డాడని చెప్పాలి.

ఆమె ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు బతికింది. గేర్‌బాక్సులు మానలేదు. ఎస్టిల్ పికప్‌కి క్లచ్చు, బ్రేకు చేత్తో నొక్కేలా రాడ్లు అమర్చింది. దానికి రెండు చలికాలాలు పట్టింది. కానీ రేసు కారు షెడ్డులోకి రానిచ్చేది కాదు. వచ్చినవాడు గేటు దగ్గర ఎంతసేపు నిలబడినా తలెత్తేది కాదు. జెండా సంగతి నన్ను ఇంకో రెండుసార్లు అడిగింది. ఒకసారి కిరాణా కొట్టులో, ఒకసారి పక్షవాతం వచ్చాక మంచం మీద నుంచి. రెండుసార్లూ అదే అడిగింది, నేనూ అదే చెప్పాను.

ఆమెను కొండ మీద కార్ల్ పక్కన పూడ్చిన రోజు వాన పడి నేలంతా బురదగా ఉంది. ఎస్టిల్ చక్రాల కుర్చీని నేను తోస్తున్నాను. సగం ఎక్కాక గడ్డిలో చక్రం దిగబడింది. లాయిడ్ వస్తాడని ఆగాం.

"నిన్నూ అడిగేదా?" అన్నాడు ఎస్టిల్, నా వైపు తిరగకుండా.

"అడిగేది."

"ఏం చెప్పేవాడివి?"

"నువ్వు చూళ్లేదనే."

వాడు తలూపాడు.

"నేనూ అదే చెప్పా. ప్రతిసారీ," అన్నాడు. "నమ్మిందంటావా హోబర్ట్?"

పైన పాస్టరు మొదలుపెట్టాడు. నాకు తెలియదన్నాను. లాయిడ్ దిగివచ్చి, ఒక పక్క వాడు, ఒక పక్క నేను పట్టుకుని ఎస్టిల్‌ను కుర్చీతో సహా పైకెత్తి మోసుకెళ్లాం.